తీర్మానాల పుస్తకంలో కనబడే జబ్బులు: సంస్థల నిర్వహణలో సమస్య – పరిష్కారం

ఏ సంస్థకు లెక్కల తనిఖీకి వెళ్లినా నేను ముందుగా అడిగేది తీర్మానాల పుస్తకం; క్యాష్‌బుక్ ఆ తరువాతే. హనుమకొండ, పరకాల, జమ్మికుంట చుట్టుపక్కల ఉన్న రైతు ఉత్పత్తిదారుల కంపెనీలు, పొదుపు సంఘాలు, చిన్న జిన్నింగు మిల్లుల లెక్కలు ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను. డబ్బు పోయిన సంగతి క్యాష్‌బుక్‌లో ఆలస్యంగా తేలుతుంది గాని, పోబోతున్న సంగతి తీర్మానాల పుస్తకంలో చాలా ముందుగానే కనబడుతుందన్నది ఇన్నేళ్లలో నాకు పట్టుబడిన విషయం. తెలిసి దోచుకున్నవారి సంగతి పోలీసులు చూసుకుంటారు. ఇక్కడ రాసేది మంచివాళ్లే కూర్చుని, సదుద్దేశంతోనే, ఇతరుల డబ్బు మీద తప్పు నిర్ణయాలు ఎలా చేస్తారో, వాటిని ఎక్కడ పట్టుకోవచ్చో అన్నంత వరకే.

తీర్మానాలన్నీ ఏకగ్రీవం

లక్షణం: రెండేళ్ల పుస్తకం తిరగేసినా ఒక్క అభ్యంతరమూ కనబడదు. ప్రతి పేజీ "సుదీర్ఘంగా చర్చించి ఏకగ్రీవంగా ఆమోదించనైనది" అని ముగుస్తుంది, ఆ సుదీర్ఘమైన చర్చ ఏమిటో మాత్రం ఎక్కడా ఉండదు. ఒక కంపెనీలో జూన్ నుంచి నవంబరు దాకా జరిగినట్టు రాసిన సమావేశాలన్నీ ఒకే నీలి జెల్ పెన్నుతో, ఒకే వాలుతో, ఒక్కసారే కూర్చుని రాసినట్టు ఉన్నాయి. ఒక పేజీలో తీర్మానానికీ సంతకాలకూ నడుమ వదిలిన ఖాళీలో చిన్న అక్షరాలతో మూడు వరుసలు ఇరికించారు. అది ఒక వాహనం కొనుగోలుకు అనుమతి. కింద సంతకాలు చేసిన డైరెక్టర్లలో ఇద్దరికి ఆ వాహనం సంగతే తెలియదు.

కారణం: దీన్ని చూడగానే మోసమని తేల్చేయడం తొందరపాటు అవుతుంది. చాలాచోట్ల జరిగేదేమంటే, నిర్ణయం చైర్మన్ ఇంటి అరుగు మీదనో, మార్కెట్ యార్డు ఎదురుగా ఉన్న చాయ్ హోటల్లోనో, వాట్సాప్ గ్రూపులో బొటనవేలి గుర్తులతోనో అయిపోతుంది; సమావేశం సంతకాల కోసం మిగులుతుంది. కాగితాలు ముందుగా అందని డైరెక్టరు ఏమి అడగాలో తెలియక తల ఊపుతాడు. దానికి తోడు, పెద్దమనిషి మాటకు నలుగురిలో అడ్డుచెప్పడం మన దగ్గర అమర్యాద కింద లెక్క. ఎవరైనా ధైర్యం చేసి అడిగితే "నా మీద నమ్మకం లేదా?" అన్న మాట వస్తుంది, ఆ మాటతో సమావేశం ముగుస్తుంది.

పరిష్కారం: చట్టం కొంత పని చేసిపెట్టింది. 2013 నాటి కంపెనీల చట్టం 173వ సెక్షన్ ప్రకారం సాధారణంగా ఒక కంపెనీ బోర్డు ఏడాదికి కనీసం 4 సార్లు కూర్చోవాలి, రెండు సమావేశాల నడుమ 120 రోజులకు మించి ఎడం ఉండరాదు, నోటీసు 7 రోజుల ముందు అందాలి; 118వ సెక్షన్ ప్రకారం మినిట్స్ (సమావేశంలో జరిగినదాని నమోదు) 30 రోజుల లోపు పుస్తకంలోకి ఎక్కాలి. నోటీసు ఒక్కటే పంపితే చాలదు. డబ్బుతో ముడిపడిన ప్రతి అంశానికీ ఒక పేజీ నోటు జతచేసి, ఎంత ఖర్చవుతుంది, అది ఎక్కడి నుంచి వస్తుంది, వేరే దారి ఏముంది, ఈ పని చేయకపోతే ఏమవుతుంది, తప్పు జరిగితే భారం ఎవరి మీద పడుతుంది అన్న అయిదింటికి జవాబు రాయాలి. సమావేశంలో అందరికంటే కొత్త డైరెక్టరు ముందు మాట్లాడాలి, చైర్మన్ చివర మాట్లాడాలి. ఈ వరుస ఒక్కటి మార్చినందుకే ఏకగ్రీవాలు సగానికి తగ్గిన బోర్డును చూశాను. అభ్యంతరం చెప్పినవారి పేరు, కారణం పుస్తకంలో రాయాలి. ఖాళీ గీతలను అడ్డంగా కొట్టివేయాలి. ప్రతి పేజీకీ వరుస సంఖ్య, చైర్మన్ పొడి సంతకం ఉండాలి.

బేరమంతా బంధువుల చుట్టే

లక్షణం: మూడు కొటేషన్లు ఫైలులో ఉంటాయి, మూడూ వేర్వేరు దుకాణాల లెటర్‌హెడ్ల మీదే ఉంటాయి, కాని టార్పాలిన్ అన్న మాటను మూడింటిలోనూ ఒకే తీరుగా తప్పు రాస్తారు. నేను ఇటువంటిది ఒకసారి పట్టుకున్నప్పుడు, ఆ మూడూ ఒక డైరెక్టరు బామ్మర్ది కంప్యూటర్ మీద తయారైనట్టు తేలింది. ఆ బామ్మర్ది ఇచ్చిన ధర బజారు ధర కంటే ఎక్కువేమీ కాదు. అయినా ఆ సంగతి సభ్యులను నమ్మించే దారి ఇక మిగలలేదు, ఆ సంవత్సరం సర్వసభ్య సమావేశం అంతా టార్పాలిన్ల మీదే నడిచింది.

కారణం: సంబంధం ఉండటంలో తప్పేమీ లేదు; మండల స్థాయిలో వ్యాపారం చేసేవారిలో ఎవరికి ఎవరు చుట్టం కారు? చెప్పకుండా దాచడమే జబ్బు.

పరిష్కారం: కంపెనీల చట్టం 184వ సెక్షన్ కింద ప్రతి డైరెక్టరూ తనకు ఏయే సంస్థల్లో ప్రయోజనం ఉందో ఏటా ఆర్థిక సంవత్సరపు మొదటి బోర్డు సమావేశంలో రాతపూర్వకంగా వెల్లడించాలి. తన ప్రయోజనం ఉన్న అంశం చర్చకు వచ్చినప్పుడు అతడు అందులో పాల్గొనరాదు. ప్రైవేటు కంపెనీలకు, వెల్లడించిన తరువాత పాల్గొనే సడలింపు ఉంది. ఆ సడలింపును వాడుకోవద్దనే నేను ప్రతిచోటా చెబుతాను. ఆ డైరెక్టరు గది బయటికి వెళ్లిన సమయం, తిరిగి వచ్చిన సమయం పుస్తకంలో రాస్తే, రేపు అతడికే అది రక్ష. కొటేషన్లు తెప్పించే పని, ఏది తీసుకోవాలో తేల్చే పని ఒకే మనిషి చేతిలో ఉండరాదు.

ఇదంతా చిన్న సంస్థల బెడద అనుకునేవారు హైదరాబాదులోని పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీ సత్యం కంప్యూటర్స్‌ను గుర్తు తెచ్చుకోవాలి. 2008 డిసెంబరు 16న ఆ కంపెనీ బోర్డు, ప్రమోటరు కుటుంబానికి చెందిన రెండు మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొనడానికి ఆమోదం తెలిపింది. పేరుప్రతిష్ఠలున్న స్వతంత్ర డైరెక్టర్లు ఆ బోర్డులో ఉన్నారు. బయటి వాటాదారులు గొడవ చేయడంతో గంటల వ్యవధిలోనే దాన్ని విరమించుకున్నారు. 2009 జనవరి 7న చైర్మన్ రామలింగరాజు లేఖ రాసి, పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు లేనే లేవని ఒప్పుకున్నాడు. లాభంలో మొదట చూపిన తేడా చిన్నదేనని, అది ఏటేటా పెరిగిందని కూడా ఆ లేఖలోనే ఉంది. చదువూ అనుభవమూ ఉన్న డైరెక్టర్లు కూర్చున్న బల్ల మీద అటువంటి కొనుగోలు ఆమోదం పొందిందంటే, పరకాల దగ్గరి కంపెనీలో పదో తరగతి చదివిన రైతు డైరెక్టరు అడగలేదని తప్పుపట్టే ముందు మనం కొంచెం ఆగాలి.

నష్టమని తెలిసినా ఆపలేకపోవడం

ఈ జబ్బు గురించి ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఇందులో నా చెయ్యి కూడా ఉంది.

ఒక రైతు ఉత్పత్తిదారుల కంపెనీకి నేను సలహాదారుగా ఉన్న ఏడాది, వాళ్లు మార్చిలో సభ్యుల దగ్గర ఎండు మిర్చి కొని, దసరా నాటికి ధర పెరుగుతుందని కోల్డ్ స్టోరేజీలో పెట్టారు. లెక్క వేసి ఇచ్చింది నేనే. బ్యాంకు వడ్డీ, స్టోరేజీ అద్దె, హమాలీ, తరుగు అన్నీ ఆ పట్టికలో ఉన్నాయి; కాని చైర్మన్ ఉత్సాహం చూసి వాటిని అడుగున చిన్న అక్షరాల్లో వేసి, రాబోయే ధరను పైన పెద్దగా వేశాను. ఏ ధరకు పడితే అమ్మేయాలి, ఏ తేదీ దాటితే ఇక ఉంచకూడదు అన్నది నేను రాయలేదు, ఎవరూ అడగలేదు. ధర పెరగకపోగా తగ్గుతూ వచ్చింది. జూలై సమావేశంలో "ఇంకో నెల చూద్దాం" అన్నారు, సెప్టెంబరులోనూ అదే మాట, దీపావళి తరువాతా అదే మాట. కొత్త పంట వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్ యార్డుకు దిగడం మొదలైన తరువాత బస్తాలు బయటికి తీస్తే, ఒక హమాలీ పిడికెడు కాయలు అరచేతిలో పోసుకుని తొడిమ దగ్గర తెల్లబడిన చోటు బొటనవేలితో చూపించి, "పాత సరుకు సార్, దీన్ని తాలులోనే అడుగుతరు" అన్నాడు. వ్యాపారులు అలాగే అడిగారు, నాసిరకం కాయలకిచ్చే ఆ తాలు ధరే వచ్చింది.

కారణాలు మూడు కనిపిస్తాయి. ఇప్పటికే పెట్టిన డబ్బును చూసి, అది దక్కాలన్న ఆశతో ఇంకా పెట్టడం మొదటిది. ఆ ఆలోచన ఎవరిదో వారే దాని మీద నెలనెలా సమీక్ష చేయడం రెండోది. తన ఆలోచన ఓడిపోయిందని తానే చెప్పగలిగినవారిని నేను ఇద్దరినో ముగ్గురినో మాత్రమే చూశాను. మూడోది కొంచెం నొప్పించే మాట. 2020లో కేంద్రం మొదలుపెట్టిన 10,000 ఎఫ్‌పీఓల (రైతు ఉత్పత్తిదారుల సంస్థల) పథకం కింద ఒక కంపెనీకి, సభ్యులు కట్టిన వాటాధనానికి సమానంగా 15 లక్షల రూపాయల వరకు గ్రాంటు, మూడేళ్ల నిర్వహణ ఖర్చులకు 18 లక్షల వరకు సాయం అందుతాయి. మంచి పథకమే. కాని బయటి నుంచి వచ్చిన డబ్బుతో, సొంత చెమటతో వచ్చిన డబ్బుతో చేసినంత జాగ్రత్తగా బేరం చేయరన్నది బోర్డు గదుల్లో నేను మళ్లీ మళ్లీ గమనించిన విషయం.

పరిష్కారం: కొనాలని తీర్మానం చేసిన రోజే, అదే పేజీలో, ఆపే గీత రాయాలి. ఫలానా ధర కంటే కిందికి పడినా, ఫలానా తేదీ దాటినా, పెట్టుబడిలో ఇంత పోయినా, మళ్లీ చర్చ లేకుండా అమ్మకం జరగాలి. గీతను జరపాలంటే కారణం రాసి, కొత్త తీర్మానం చేసి, మూడింట రెండు వంతుల మంది ఒప్పుకోవాలి. నెలనెలా సరుకు మీద పెరిగిన వడ్డీ, అద్దె కలిపి బస్తా ఈ రోజు మనకు ఎంతకు పడిందో ఒక్క అంకెలో బోర్డు ముందు పెట్టాలి. సమీక్షను ఆ ప్రతిపాదన తెచ్చిన వ్యక్తికి అప్పగించవద్దు. ఎటూ తేలనప్పుడు, ఈ సరుకు మన దగ్గర లేకుంటే ఈ రోజు ఈ ధరకు కొత్తగా కొంటామా అని అడిగి, లేదన్న జవాబు వస్తే అమ్మేయాలి. తరువాతి ఏడాది అదే కంపెనీ పత్తి విషయంలో ఆపే గీత రాసుకుంది. గీత దాటగానే అమ్మారు, అమ్మిన పది రోజులకే ధర కొంత పెరిగింది, నన్ను తిట్టుకున్నారు. అయినా ఆ అమ్మకం తప్పని నేను అనను.

కింద తెలుసు, పైన తెలియదు

లక్షణం: గండి పడ్డాక విచారిస్తే, అకౌంటెంటుకో గోదాము ఇన్‌చార్జికో ఆరు నెలల ముందే తెలుసని బయటపడుతుంది. ఎందుకు చెప్పలేదని ఒక కుర్రవాడిని అడిగితే "చెప్తే నా కొలువు వోతది సార్, చెప్పకుంటే కంపెనీ పైసలు వోతయి" అన్నాడు. ఇరవై రెండేళ్ల మనిషి ఆ రెండింటిలో ఏది ఎంచుకుంటాడో చెప్పనక్కరలేదు.

కారణం: చెడు వార్త తెచ్చినవాణ్ణి ఇంతకు ముందు ఎప్పుడో ఒకసారి అందరి ముందూ కసురుకుని ఉంటారు. ఆ ఒక్కసారి చాలు.

పరిష్కారం: లిస్టెడ్ కంపెనీలు, ప్రజల నుంచి డిపాజిట్లు తీసుకున్న కంపెనీలు, బ్యాంకుల నుంచి 50 కోట్లకు మించి అప్పు తెచ్చిన కంపెనీలు ఫిర్యాదుదారుకు రక్షణ ఉండే ఏర్పాటు చేయాలని కంపెనీల చట్టం 177వ సెక్షన్ నిర్దేశిస్తోంది. చిన్న సంస్థకు ఆ నిర్బంధం లేకపోయినా, చైర్మన్‌తో గాని ముఖ్య కార్యనిర్వహణాధికారితో గాని సంబంధం లేని ఒక డైరెక్టరు పేరు, ఫోను నంబరు గోడ మీద రాసి, ఉద్యోగులు నేరుగా ఆయనకు చెప్పుకోవచ్చని తీర్మానం చేయడానికి ఖర్చేమీ లేదు. బోర్డు ఎజెండాలో "ఈ నెల వచ్చిన చెడు వార్తలు" అన్న అంశాన్ని మొదటే పెట్టించిన చోట, మొదటి రెండు నెలలు ఏమీ రాలేదు, మూడో నెల తూకం కాటా తప్పు చూపుతోందన్న సంగతి వచ్చింది.

భారం మోసేవారు గదిలో ఉండరు

లక్షణం: సేకరణ కేంద్రం వేళలు మారుస్తారు, చెల్లింపు వారం నుంచి నెలకు పోతుంది, సభ్యులు మెల్లగా బయటి వ్యాపారికి సరుకు పోయడం మొదలుపెడతారు, బోర్డు మాత్రం సభ్యులకు విశ్వాసం లేదని నొచ్చుకుంటుంది. కారణం వెతకనక్కరలేదు, నిర్ణయం వల్ల నష్టపోయేవారిని ఎవరూ అడగలేదు. దీనికి మందు కూడా దూరంలో లేదు. భీమదేవరపల్లి మండలం ముల్కనూరులో 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి నాయకత్వంలో మొదలైన సహకార సంఘం ఇన్ని దశాబ్దాలు నిలబడింది. అదే ఊళ్లో స్వకృషి పేరుతో పాలు అమ్మే డెయిరీ, పాలు పోసే మహిళల సొంత సంఘంగా పరస్పర సహాయక పద్ధతిలో నడుస్తోంది. పాలు పోసేవారే పాలకవర్గంలో కూర్చున్నచోట చెల్లింపు తేదీ మార్చాలన్న ప్రతిపాదన ఎజెండా దాకా రావడమే కష్టం. అందరూ ముల్కనూరు కాలేరు, నిజమే. సభ్యుల మీద పడే ఏ మార్పునైనా రెండు ఊళ్లలో ఒక నెల నడిపి చూసి, ఆ ఊళ్ల నుంచి ఇద్దరిని బోర్డుకు పిలిచి విన్న తరువాతే తీర్మానం చేయడం మాత్రం ఎవరికైనా చేతనవుతుంది.

పుస్తకమే చూపించరు

పైవన్నీ బోర్డు బాగుపడదలచుకున్నప్పుడు పనిచేసే మందులు. చైర్మనే అడ్డంగా కూర్చుంటే సభ్యుల చేతిలో ఉన్న దారులు వేరు. సాధారణ కంపెనీలో చెల్లించిన వాటాధనంలో పదో వంతు ఉన్నవారు, ఉత్పత్తిదారుల కంపెనీలో మూడో వంతు సభ్యులు రాతపూర్వకంగా కోరితే బోర్డు అసాధారణ సర్వసభ్య సమావేశం పిలవాలి. నిర్వహణ దారి తప్పిందని కంపెనీల చట్టం 241వ సెక్షన్ కింద హైదరాబాదులోని జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్ బెంచికి వెళ్లవచ్చు. 1964 నాటి సహకార చట్టం కింద నమోదైన సంఘమైతే 51వ సెక్షన్ విచారణ, సంఘానికి కలిగిన నష్టాన్ని బాధ్యుల నుంచి రాబట్టే 60వ సెక్షన్ సర్‌చార్జి ఉన్నాయి. ఇవన్నీ నెలలు, ఏళ్లు పట్టే పనులు. అంతకు ముందు చేయదగిన చిన్న పని ఒకటుంది. బోర్డు మినిట్స్ సభ్యులకు చూపనక్కరలేదు గాని, సర్వసభ్య సమావేశపు మినిట్స్‌ను పని వేళల్లో ఉచితంగా చూసే హక్కు, నకలు అడిగితే 7 పనిదినాల్లో పొందే హక్కు కంపెనీల చట్టం 119వ సెక్షన్ ప్రకారం కంపెనీలోని ప్రతి సభ్యుడికీ ఉంది. నోటితో అడగవద్దు. తెల్ల కాగితం మీద రాసి, రెండో ప్రతి మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకుని, దాన్ని ఇంట్లో జాగ్రత్త చేసుకోండి.