తాళం వేశారు, అయినా దడ తగ్గదు: ఓసీడీలో ఏ ఇబ్బందికి ఏం చేయాలి

సమస్య: తాళం మీరే వేశారు, కళ్లారా చూశారు కూడా, అయినా గుండె దడ ఆగదు, ఇంకోసారి లాగి చూస్తే తప్ప కాలు కదలదు.

కారణం: ఇది మతిమరుపు కాదు, ఓసీడీ (అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్), అంటే వద్దన్నా వచ్చే ఆలోచనలు, ఆ దడ తగ్గించుకోవడానికి చేసిన పనే మళ్లీ మళ్లీ చేయడం. చేసిన పనిలో తప్పుంటే హెచ్చరించే యాంటీరియర్ సింగ్యులేట్ కార్టెక్స్ అనే భాగం మెదడు ముందువైపు లోపల ఉంటుంది. పొరపాటు జరిగిన సెకనులో పదో వంతుకే దాని సంకేతం ఈఈజీలో (తలమీద తీగలు పెట్టి మెదడు విద్యుత్ సంకేతాలు కొలిచే పరీక్ష) కనిపిస్తుంది, ఓసీడీ ఉన్నవాళ్లలో సగటున అది మామూలు కంటే బలంగా వస్తుంది. అంటే తాళం పడిందని తెలిసినా "ఏదో మిగిలిపోయింది" అన్న భావన మాత్రం పోదు. ఇంకో తిరకాసు ఉంది, ఎన్నిసార్లు చూస్తే ఆ జ్ఞాపకం అంత మసకబారుతుంది, దానిమీద నమ్మకమూ తగ్గుతుంది. చూడటం వల్లే అనుమానం పెరుగుతోందన్నమాట!

పరిష్కారం: ఒక్కసారి చూసి వెళ్లిపోవడం, టెన్షన్‌ని తగ్గించే ప్రయత్నమేమీ చేయకుండా అలాగే ఉండనివ్వడం. 1966లో విక్టర్ మేయర్ అనే మనస్తత్వవేత్త మొదలుపెట్టిన పద్ధతి ఇదే, ఇప్పుడు ఈఆర్పీ (ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్, అంటే భయపెట్టేదాన్ని ఎదుర్కొని, అలవాటైన పని చేయకుండా ఉండటం) అంటున్నారు. తేలికైన భయంతో మొదలుపెట్టండి, వీలైతే థెరపిస్ట్ దగ్గర. ఇంట్లోవాళ్లు పదేపదే "వేశావులే" అని చెప్పడం కూడా మళ్లీ వెళ్లి చూడటం లాంటిదే, ప్రేమతో చెప్పినా సరే.

సమస్య: భయం తగ్గింది గానీ, ముట్టుకున్నది తలచుకుంటే ఒళ్లంతా జుగుప్స.

కారణం: జుగుప్సలో మెదడులోని ఇన్సులా అనే భాగానిది పెద్ద పాత్ర. భయం కంటే జుగుప్స నెమ్మదిగా కరుగుతుంది, కాబట్టి చికిత్స పనిచేయలేదని తొందరపడి తేల్చేయకండి.

పరిష్కారం: అదే సాధన, ఇంకాస్త ఎక్కువకాలం.

సమస్య: రాకూడని ఆలోచన వస్తోంది, తోసేసేకొద్దీ ఎక్కువవుతోంది.

కారణం తోయడమే, పరిష్కారం తోయడం ఆపడమే. అలాంటి ఆలోచనలు అందరికీ వస్తాయి, దానితో వాదించకుండా చేస్తున్న పని కొనసాగించండి.

సమస్య: మందు మొదలుపెట్టి రెండు వారాలైంది, తేడా లేదు.

కారణం: ఓసీడీలో ఎస్ఎస్ఆర్ఐ మందులకు (మెదడులో సెరటోనిన్ అనే రసాయనం మీద పనిచేసేవి, డిప్రెషన్‌కీ ఇస్తారు) సాధారణంగా 8 నుంచి 12 వారాలు పడుతుంది, డోసు కూడా డిప్రెషన్‌కి ఇచ్చేదానికంటే తరచు ఎక్కువే ఉంటుంది. 1992లో లూయిస్ బాక్‌స్టర్ అనే మానసిక వైద్యుడి బృందం మెదడు స్కాన్లు తీస్తే, మందుతో మెరుగైనవాళ్లలోనూ ప్రవర్తన చికిత్సతో మెరుగైనవాళ్లలోనూ మెదడులోని కాడేట్ అనే భాగంలో ఒకే రకంగా చురుకుదనం తగ్గింది. మాటలతో చేసే చికిత్స మెదడుని ఏం మారుస్తుందిలే అనేవాళ్లకి నేను చూపించేది ఇదే.

పరిష్కారం: సొంతంగా ఆపకండి, డాక్టర్‌ని అడిగి డోసు సంగతి తేల్చుకోండి. చచ్చిపోవాలనిపిస్తుంటే మాత్రం వారాలు లెక్కపెట్టకుండా ఈరోజే వెళ్లండి.