కేవీఎం స్విచ్ నేర్చుకుందాం – 4వ పాఠం: కీబోర్డు, మౌస్ మొరాయిస్తే

కేవీఎం స్విచ్ అంటే ఒకే కీబోర్డు, మౌస్, మానిటర్‌తో రెండు లేదా అంతకన్నా ఎక్కువ కంప్యూటర్లను మార్చి మార్చి వాడుకోనిచ్చే పెట్టె. గత పాఠంలో దాని మానిటర్ కేబుళ్ల సంగతి చూశాం. తెర మీద బొమ్మ చక్కగా వస్తోంది, కానీ కీ నొక్కితే పలకదు, మౌస్ కదలదు. ఈ పాఠం ఆ ఇబ్బంది ఉన్నవాళ్ల కోసం. ఇలాంటప్పుడు చాలామంది పెట్టె పోయిందనుకుని కొత్తది కొనేస్తారు. అది అనవసరపు ఖర్చు. ఎక్కువసార్లు తప్పు పెట్టెలో ఉండదు, దానికి ఇరుపక్కలా ఉంటుంది.

గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఒక కమీషన్ కొట్టు ఉందనుకుందాం. బల్ల కింద రెండు సీపీయూలు. ఒకటి పాత లెక్కల సాఫ్ట్‌వేర్ నడిచే పాత మిషన్, దానికి కీబోర్డు, మౌస్ గుచ్చే పాత రకం గుండ్రటి పోర్టులు, వాటినే పీఎస్/2 అంటారు. రెండోది జీఎస్టీ రిటర్నులకీ బ్యాంకు పనులకీ కొన్న కొత్త మిషన్, దానికి అన్నీ యూఎస్‌బీలే. బల్ల మీద మాత్రం కీబోర్డు, మౌస్, మానిటర్ ఒక్కొక్కటే. మధ్యలో రెండు రకాల కేబుళ్లూ పట్టే కేవీఎం. పాఠమంతా ఈ బల్ల దగ్గరే చెప్పుకుందాం.

ముందు తప్పు ఎటువైపుందో తేల్చాలి. కేవీఎం పక్కన పెట్టి కీబోర్డును నేరుగా సీపీయూకి గుచ్చండి. పాత మిషన్ అయితే దాన్ని ఆపేసి గుచ్చాలి. పీఎస్/2 పోర్టులో నడుస్తుండగా తీసి పెట్టకూడదు. మిషన్ పూర్తిగా ఆన్ అయ్యాక క్యాప్స్ లాక్ నొక్కి లైటు చూడండి. ఆ లైటును కీబోర్డు తనంతట తాను వెలిగించుకోదు. కీ నొక్కిన సంగతి కంప్యూటర్‌కి చేరాలి, అది తిరిగి 'వెలిగించు' అని చెప్పాలి. అంటే లైటు మారిందంటే పోయే దారీ వచ్చే దారీ రెండూ బాగున్నట్టే. నేరుగా పెట్టినా మారకపోతే కేవీఎంని అనుమానించాల్సిన పని లేదు. మారితే, ఈసారి కేవీఎం ద్వారా పెట్టి రెండు మిషన్ల కేబుళ్లనూ చూడాలి. ఒకే రకం కేబుళ్లున్న చోట వాటిని అటూ ఇటూ మార్చండి. జబ్బు కేబుల్‌తో పాటు వెళ్తే తప్పు కేబుల్‌ది, అదే పోర్టులో ఉండిపోతే పెట్టెది. ఒక్కసారికి ఒక్కటే మార్చండి. తొందరపడి రెండు మార్చారంటే దేనివల్ల బాగైందో మీకే తెలియదు.

ఇప్పుడు అసలు విషయం. మీరు కొత్త మిషన్‌కి మారినప్పుడు పాత మిషన్ దృష్టిలో కీబోర్డు ఊడిపోయినట్టే. పాత మిషన్లు చాలావరకు ఆన్ అయ్యేటప్పుడే కీబోర్డు, మౌస్ ఉన్నాయా అని చూసుకుంటాయి. అప్పుడు కనబడకపోతే కొన్ని కీబోర్డు లేదని చెప్పి అక్కడే ఆగిపోతాయి. అందుకే మంచి కేవీఎం, తన వంతు కాని మిషన్‌తో కూడా 'నేనే కీబోర్డుని, ఇక్కడే ఉన్నాను' అని చెబుతూ ఉంటుంది. దీన్నే ఎమ్యులేషన్ అంటారు. ఆ మాట చెప్పాలంటే దానికి కరెంటు అందుతూ ఉండాలి. కాబట్టి పొద్దున్నే ముందు కేవీఎం ఆన్ చేసి, ఆ తర్వాతే సీపీయూలు ఆన్ చేయండి. కరెంటు పోయి వచ్చినప్పుడు మౌస్ పనిచేయడం లేదనే ఫిర్యాదులు కొన్ని ఈ వరస తప్పడం వల్లే వస్తాయి. కేవీఎం అడాప్టర్‌ని కూడా యూపీఎస్‌కే పెట్టండి.

పీఎస్/2 మౌస్‌తో ఇంకో వింత జబ్బు ఉంది. స్విచ్ మార్చి పాత మిషన్‌కి రాగానే బాణం గుర్తు తెర మూలకి దూకుతుంది, మెనూలు వాటంతటవే తెరుచుకుంటాయి. "మౌస్‌కి పిచ్చి పట్టింది సార్" అంటారు. మౌస్‌కి ఏమీ కాలేదు. మామూలు పీఎస్/2 మౌస్ ఒక్కో కదలికకీ మూడు బైట్లు పంపుతుంది. ఒకటి బటన్లకి, ఒకటి అడ్డం కదలికకి, ఒకటి నిలువుకి. చక్రం ఉన్న మౌస్ నాలుగు పంపుతుంది. ఆ నాలుగో బైటు దానంతట అది రాదు. ఆన్ అయ్యేటప్పుడు కంప్యూటర్ మౌస్‌ కబురు పంపే వేగాన్ని సెకనుకి 200, 100, 80 సార్లు అని అదే వరసలో మారుస్తుంది. అది గుర్తుపట్టి మౌస్ చక్రం సంగతి బయటపెడుతుంది. మధ్యలో కేవీఎం మౌస్‌ని రీసెట్ చేసి, ఈ ఒప్పందాన్ని గుర్తుపెట్టుకోలేదనుకోండి, మౌస్ మళ్లీ మూడుకి దిగిపోతుంది. కంప్యూటర్ మాత్రం నాలుగు చొప్పునే చదువుతూ పోతుంది. చిట్టా పద్దులో ఒక గడి జరిగిపోయి తేదీ చోట బస్తాలు, బస్తాల చోట ధర పడ్డట్టు, బటన్ చోట కదలిక, కదలిక చోట బటన్ పడతాయి. అందుకే ఎవరూ నొక్కకుండానే క్లిక్కులు వస్తాయి.

దీనికి విండోస్‌లో తేలికైన దారి రీస్టార్ట్. లినక్స్‌లో అయితే పీఎస్‌మౌస్ అనే మాడ్యూల్‌ని (పీఎస్/2 మౌస్‌ని నడిపే చిన్న ప్రోగ్రామ్) తీసి మళ్లీ లోడ్ చేస్తే సరిపోతుంది. కొన్ని స్విచ్‌లకు మౌస్ రీసెట్ కీలు ఉంటాయి, మాన్యువల్లో చూడండి. అయినా రోజూ ఇదే గోల అయితే, చక్రం వదులుకుని మామూలు మౌస్ డ్రైవర్ పెట్టేయమంటాను. లెక్కలు రాసే మిషన్‌లో మౌస్ దానంతట అది క్లిక్ చేయడం చిన్న విషయం కాదు.

కొత్త మిషన్ వైపు కథ వేరు. యూఎస్‌బీని నడుస్తుండగా తీసి పెట్టొచ్చు. ఎమ్యులేషన్ లేని చవక స్విచ్‌లు చేసేది కూడా అదే. నొక్కిన ప్రతిసారీ విండోస్ 'టింగ్' మని కీబోర్డును కొత్తగా గుర్తుపడుతుంది, రెండు మూడు సెకన్లు పడుతుంది. అది జబ్బు కాదు, ఆగండి. ఎమ్యులేషన్ ఉన్నవాటిలో మార్పు వెంటనే జరుగుతుంది, కానీ అవి కంప్యూటర్‌కి చూపించేది మామూలు కీబోర్డునే. గేమింగ్ కీబోర్డు మాక్రోలు (ఒక్క కీతో వరసగా పడే నొక్కులు), అదనపు బటన్లు వాటిలోంచి దాటకపోవచ్చు. అలాంటివాటిని కీబోర్డు గుర్తు వేసి ఉన్న పోర్టులో కాకుండా పక్కనే ఉండే మామూలు యూఎస్‌బీ పోర్టులో పెట్టండి. అప్పుడు సాధారణంగా స్క్రోల్ లాక్ రెండుసార్లు నొక్కి మారే సౌకర్యం పోతుంది, ముందున్న బటనే నొక్కాలి. వైర్‌లెస్ మౌస్ డాంగిల్‌కీ (మౌస్ సిగ్నల్ అందుకునే చిన్న యూఎస్‌బీ ముక్క) ఇదే మందు. బాణం తడబడుతుంటే డాంగిల్‌ని చిన్న ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో బల్ల మీదకి తెచ్చి పెట్టండి. యూఎస్‌బీ 3 పరికరాల రేడియో రొద 2.4 గిగాహెర్ట్జ్ దాకా వస్తుంది, డాంగిల్ మాట్లాడేదీ అక్కడే.

కంట్రోల్ కీ రెండుసార్లు నొక్కి మారే స్విచ్ అయితే, ఒక్కోసారి వెనక వదిలిన మిషన్‌లో కంట్రోల్ నొక్కినట్టే ఉండిపోతుంది. తిరిగి వచ్చి 'ఎస్' కొడితే అక్షరం పడదు, ఫైలు సేవ్ అవుతుంది. రెండు వైపులా ఉన్న కంట్రోల్ కీలను ఒక్కోసారి నొక్కి వదలండి, పోతుంది.

కరెంటు సంగతి. యూఎస్‌బీ 2 పోర్టు ఇచ్చేది 500 మిల్లీఆంపియర్లు. లైట్ల కీబోర్డు, వెబ్‌క్యామ్, పెన్‌డ్రైవ్ అన్నీ కేవీఎంకే గుచ్చితే కీబోర్డు మధ్యలో చచ్చి బతుకుతుంది. పెట్టె వెనక అడాప్టర్ పిన్ ఉంటే వాడండి, కానీ పెట్టె మీద రాసిన వోల్టేజీదే. పిన్ పట్టింది కదా అని సెట్‌టాప్ బాక్స్ 12 వోల్టుల అడాప్టర్‌ని 5 వోల్టుల పెట్టెకి గుచ్చితే అంతటితో సరి.

ఇంకొకటి, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. సీపీయూ డబ్బా మీద వేలు ఆనిస్తే జిమ్మంటోందా? టెస్టర్ పెడితే వెలుగుతోందా? అయితే ఎర్త్ లేదన్నమాట. రెండు మిషన్లు రెండు గోడల ప్లగ్గులకి ఉండి, ఒకదానికి ఎర్త్ లేకపోతే, ఆ తేడా కేవీఎం కేబుల్ మీదుగా పారుతుంది. పోర్టులు కాలిపోయే ప్రమాదం ఉంది, మనిషికీ ప్రమాదమే. ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్త్ సరిచేయించండి, తర్వాతే కేబుళ్లు ముట్టుకోండి.

ఈ వారం అభ్యాసం: మీ బల్ల కిందకి దూరి ఏ కేబుల్ ఏ మిషన్‌ది, ఏ పోర్టుకి వెళ్లిందో చీటీలు అంటించండి. తర్వాత రెండు మిషన్లనూ ఆపి, కేవీఎంతో మొదలుపెట్టి ఒక్కొక్కటే ఆన్ చేస్తూ ప్రతిచోటా క్యాప్స్ లాక్ లైటు చూసి రాసుకోండి. వచ్చే పాఠంలో స్పీకర్లు, మైకు.