ల్యాప్‌టాప్‌లో సౌండ్ పోయిందా? ముందు పచ్చ గీతలు చూడండి

మొన్న మా చిన్నాన్న కొడుకు ఫోన్ చేశాడు. "అన్నా, ఇంకో పావుగంటలో ఇంటర్వ్యూ. ల్యాప్‌టాప్‌లో సౌండ్ అస్సలు రావట్లేదు. డ్రైవర్ తీసేసి మళ్ళీ వేస్తున్నా" అన్నాడు. ఆగరా బాబూ అన్నాను. కింద మూలనున్న స్పీకర్ బొమ్మ నొక్కించి, వాల్యూమ్ స్లైడర్ పక్కన కనిపించే గుర్తు మీద నొక్కి, ఏ పేరు ఎంచుకుని ఉందో చదవమన్నాను. వాడి ఇయర్‌బడ్స్ పేరు చదివాడు. అవేమో వంటింటి అలమరలో, మూత తీసి ఉన్న డబ్బాలో ఉన్నాయి. శబ్దమంతా అక్కడికి పోతోంది. "స్పీకర్స్" అన్న పేరు మీద నొక్కాడు, వచ్చేసింది. డ్రైవర్ జోలికి వెళ్ళి ఉంటే ఆ పావుగంట రీస్టార్ట్‌లకే సరిపోయేది.

సౌండ్ పోయిందనగానే అందరి చెయ్యీ డ్రైవర్ మీదికే వెళ్తుంది. డ్రైవర్ అంటే విండోస్‌కీ ఆడియో చిప్‌కీ మధ్య మాట కలిపే సాఫ్ట్‌వేర్. చేనుకి నీళ్ళు రాకపోతే ముందు కాలవ గట్టు వెంట నడిచి ఎక్కడ తెగిందో చూస్తాం కానీ, వెళ్ళగానే మోటారు విప్పం కదా. ఇదీ అంతే. పాట వాయించే యాప్ నుంచి శబ్దం విండోస్‌కి వస్తుంది, అక్కడి నుంచి డ్రైవర్ ద్వారా లోపలి ప్రధాన బోర్డు మీదున్న ఆడియో చిప్‌కి, ఆ చిప్ నుంచి స్పీకర్లకో హెడ్‌ఫోన్స్‌కో వెళ్తుంది. ఈ దారిలో ఎక్కడ ఆగిందో తెలిస్తే సగం పని అయినట్టే. అది తెలుసుకోవడానికి విండోస్‌లోనే మంచి సాధనం ఒకటుంది. చాలామంది దాన్ని తెరవను కూడా తెరవరు.

ముందుగా ఈ ఒక్క పరీక్ష

ఏదైనా పాట పెట్టి వదిలేయండి. వాల్యూమ్ సగం పైనే ఉందనీ, మ్యూట్ పడలేదనీ చూసుకోండి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఎఫ్1 మీదో మరో ఎఫ్ కీ మీదో మ్యూట్ ఉంటుంది, చెయ్యి తగిలితే చాలు. తర్వాత సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో సౌండ్, పేజీ అడుగున "మోర్ సౌండ్ సెట్టింగ్స్" తెరవండి. విండోస్ 10 అయితే అదే పేజీలో పక్కన "సౌండ్ కంట్రోల్ ప్యానెల్" అని ఉంటుంది. పాతకాలపు చిన్న కిటికీ ఒకటి వస్తుంది. అందులో ప్లేబ్యాక్ అనే ట్యాబ్‌లో స్పీకర్స్, హెడ్‌ఫోన్స్, టీవీ ఇలా ఉన్నవన్నీ వరసగా కనిపిస్తాయి. ఒక్కోదాని పక్కన నిలువుగా చిన్న చిన్న గీతలుంటాయి. శబ్దం ఏ పరికరానికి వెళ్తుంటే దాని పక్క గీతలు పాటకి తగ్గట్టు పచ్చగా ఎగిసి పడుతుంటాయి.

ఇప్పుడు మీకు కనిపించేది నాలుగింటిలో ఒకటి. గీతలు వేరే పేరు దగ్గర ఎగురుతున్నాయి; లేదా ఎక్కడా కదలట్లేదు; లేదా స్పీకర్స్ దగ్గరే ఎగురుతున్నాయి కానీ చెవికి ఏమీ వినబడట్లేదు; లేదా అసలు ఆ జాబితాలో స్పీకర్లే లేవు. ఏది కనిపించిందో దాన్నిబట్టి కింద చూసుకోండి.

గీతలు వేరే పేరు దగ్గర ఎగురుతున్నాయి

దారి తప్పింది, అంతే. హెచ్‌డీఎంఐ వైరుతో టీవీకో మానిటర్‌కో కలిపినప్పుడు విండోస్ చాలాసార్లు సౌండ్‌ని కూడా అటే పంపుతుంది. ఆ మానిటర్‌లో స్పీకర్లు లేకపోతే నిశ్శబ్దం. బ్లూటూత్ సంగతి మా తమ్ముడి దగ్గర చూశాం. స్పీకర్స్ మీద రైట్ క్లిక్ చేసి "సెట్ యాజ్ డిఫాల్ట్ డివైస్" నొక్కండి. స్పీకర్స్ పేరు కనబడకపోతే ఖాళీ చోట రైట్ క్లిక్ చేసి "షో డిసేబుల్డ్ డివైసెస్" మీద టిక్ పెట్టండి. మసక రంగులో దాక్కుని ఉంటే ఎనేబుల్ చెయ్యండి.

విండోస్ 10లో ఒకే బ్లూటూత్ హెడ్‌సెట్ రెండు పేర్లతో కనిపించవచ్చు: ఒకటి స్టీరియో, ఇంకోటి హ్యాండ్స్-ఫ్రీ. రెండోది ఫోన్ మాటల కోసం. దాన్ని ఎంచుకుంటే పాటలు పాత ల్యాండ్‌లైన్‌లో విన్నట్టు ఉంటాయి, ఒక్కోసారి అసలు వినబడవు. పాటలకి స్టీరియో పెట్టుకోండి.

గీతలు ఎక్కడా కదలట్లేదు

ముందు వేరే యాప్‌లో ఏదైనా వాయించి చూడండి. అక్కడ వస్తే లోపం మొదటి యాప్‌దే. స్పీకర్ బొమ్మ మీద రైట్ క్లిక్ చేసి వాల్యూమ్ మిక్సర్ తెరిస్తే ఒక్కో యాప్‌కి ఒక్కో స్లైడర్ ఉంటుంది, అందులో సున్నా దగ్గర పడి ఉన్నదేదో కనిపిస్తుంది. బ్రౌజర్ అయితే ట్యాబ్ మీద రైట్ క్లిక్ చేసి ఆ సైట్ మ్యూట్‌లో ఉందేమో చూడండి. మీటింగ్ యాప్‌లలో స్పీకర్ ఎంపిక విడిగా ఉంటుంది. విండోస్‌లో మార్చినంత మాత్రాన అది మారకపోవచ్చు, వాటి సెట్టింగ్స్‌లోకి వెళ్ళి కూడా చూసుకోండి.

మీటింగ్ మొదలవగానే మిగతా శబ్దాలన్నీ పాతాళంలోకి పోతున్నాయా? అది చెడిపోవడం కాదు. ఇందాకటి చిన్న కిటికీలోనే కమ్యూనికేషన్స్ అనే ట్యాబ్ ఉంది. కాల్ వచ్చినప్పుడు మిగతావాటిని 80% తగ్గించమని విండోస్ తనంతట తాను పెట్టుకుని ఉంటుంది. "డూ నథింగ్" ఎంచుకోండి.

ఏ యాప్‌లోనూ గీతలు కదలకపోతే విండోస్‌లో ఆడియో నడిపే సర్వీస్ నిద్రపోయి ఉండొచ్చు. స్టార్ట్‌లో సర్వీసెస్ అని వెతికి తెరిచి, "విండోస్ ఆడియో", "విండోస్ ఆడియో ఎండ్‌పాయింట్ బిల్డర్" రెండూ నడుస్తున్నాయా, స్టార్టప్ టైప్ ఆటోమేటిక్‌లో ఉందా చూడండి. నడుస్తున్నా సరే, ఒకసారి రీస్టార్ట్ కొట్టండి.

గీతలు స్పీకర్స్ దగ్గర ఎగురుతున్నాయి, చెవికి మాత్రం ఏమీ లేదు; లేదా ఏమీ పెట్టకపోయినా హెడ్‌ఫోన్స్ అని చూపిస్తోంది

ఇక్కడ కాస్త నెమ్మదిగా చదవండి. జనం డబ్బు ఎక్కువగా పోగొట్టుకునేది ఈ దగ్గరే.

మా పెద్దమ్మ వాళ్ళ ల్యాప్‌టాప్ ఇలాగే మూగబోతే రిపేరు షాపులో బోర్డు పోయిందన్నారు. మార్చాలంటే వేలల్లో అవుతుందని ఆవిడ దాన్ని పక్కన పెట్టేసింది. పండక్కి వెళ్ళినప్పుడు నా ముందు పెట్టింది. పక్కన చూస్తే హెడ్‌ఫోన్స్ పెట్టే బొక్కలో ఏమీ లేదు, కానీ ప్లేబ్యాక్‌లో పచ్చ గీతలు హెడ్‌ఫోన్స్ అన్న పేరు దగ్గర ఎగురుతున్నాయి. సెల్‌ఫోన్ టార్చ్ వేసి ఆ బొక్కలోకి చూశాను. లోపల ఒక గోడకి అతుక్కుని బూడిదరంగు నూగు ఉండ, పెసరగింజలో సగం ఉంటుందేమో. ఆవిడ ల్యాప్‌టాప్‌ని పాత ఉన్ని శాలువాలో చుట్టి బీరువాలో పెట్టేది.

ఆ 3.5 మిల్లీమీటర్ల బొక్కలో (దాన్నే జాక్ అంటారు) చిన్న స్ప్రింగు రేకు ఉంటుంది. పిన్ను దూర్చగానే అది కదులుతుంది, హెడ్‌ఫోన్స్ పెట్టారని చిప్‌కి కబురు వెళ్తుంది, స్పీకర్లకి శబ్దం ఆగిపోతుంది. పిన్ను తీశాక ఆ రేకు వెనక్కి రావాలి. నూగు అడ్డుపడినా, రేకు వంగినా రాదు. చిప్ మాత్రం ఇంకా హెడ్‌ఫోన్స్ ఉన్నాయనే నమ్ముతూ ఉంటుంది.

ల్యాప్‌టాప్ ఆపి, ఛార్జర్ తీసేయండి. హెడ్‌ఫోన్స్ పిన్నుని పది పదిహేనుసార్లు పెట్టి తీయండి, ఒక్కోసారి దానికే రేకు వదులుతుంది. లేకపోతే కెమెరా లెన్సులు తుడిచేవాళ్ళు వాడే రబ్బరు బల్బుతో గాలి కొట్టండి. నోటితో ఊదొద్దు, తేమ వెళ్తుంది. నూగు కనిపిస్తుంటే చెక్క టూత్‌పిక్‌తో, గోడకి ఆనించి మెల్లగా లాగండి. గుండుసూది, పిన్నీసు అస్సలు వద్దు. రేకు వంగిందంటే అప్పుడు నిజంగానే రిపేరు అవుతుంది. పెద్దమ్మ ల్యాప్‌టాప్‌కి టూత్‌పిక్ సరిపోయింది. ఆవిడ ఆరు నెలల తర్వాత మనవరాలి వీడియోలు గట్టిగా పెట్టుకుని చూసింది.

జాక్ నిజంగానే పాడైతే కూడా బోర్డంతా మార్చాలని లేదు. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఆడియో జాక్, ఒక యూఎస్‌బీ పోర్టు కలిపి చిన్న విడి బోర్డు మీద ఉంటాయి. మీ మోడల్‌లో అలా ఉందేమో అడిగి, ఆ ముక్క ధర చెప్పమనండి.

పాట వినిపిస్తోంది, పాడేవాళ్ళ గొంతే లేదు

హెడ్‌ఫోన్స్‌లో వాయిద్యాలు దూరం నుంచి వస్తున్నట్టు ఉండి, గొంతు మాయమైతే కంగారు పడతారు, పాట ఫైలే చెడిందనుకుంటారు. చాలాసార్లు పిన్ను పూర్తిగా లోపలికి వెళ్ళకపోవడమే కారణం. పిన్ను మీదున్న రింగులలో ఒకటి ఎడమ, కుడి చెవులు రెంటికీ ఉమ్మడి వైరు. దాని కాంటాక్టు తెగితే రెండు చెవులకీ ఎడమ కుడి శబ్దాల మధ్య తేడా మాత్రమే అందుతుంది. గొంతుని సాధారణంగా రెండు వైపులా సమానంగా రికార్డు చేస్తారు కాబట్టి అది కొట్టుకుపోతుంది. టక్కుమనేదాకా పిన్ను నొక్కండి. వేరే హెడ్‌ఫోన్స్ పెడితే గొంతు వచ్చిందంటే మొదటి వాటి వైరులోనో పిన్నులోనో లోపం ఉన్నట్టు.

స్పీకర్ బొమ్మ మీద ఎర్ర గుర్తు, లేదా జాబితాలో స్పీకర్లే లేవు

ఇప్పుడొచ్చింది డ్రైవర్ వంతు. అయినా ముందు రీస్టార్ట్ చెయ్యండి. షట్‌డౌన్ చేసి ఆన్ చేస్తే రీస్టార్ట్ చేసినట్టు కాదు. ఫాస్ట్ స్టార్టప్ (త్వరగా ఆన్ అవడానికి విండోస్‌లో ఉన్న సెట్టింగ్) ఆన్‌లో ఉంటే, షట్‌డౌన్ చేసినప్పుడు విండోస్ తన లోపలి భాగాన్ని డిస్క్‌లో దాచుకుని మళ్ళీ అదే తెచ్చుకుంటుంది, ఇరుక్కున్న డ్రైవర్‌తో సహా. రీస్టార్ట్ నొక్కితేనే అన్నీ కొత్తగా మొదలవుతాయి.

అయినా రాకపోతే స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరవండి. "సౌండ్, వీడియో అండ్ గేమ్ కంట్రోలర్స్" కింద రియల్‌టెక్ పేరో, మీ చిప్ పేరో ఉండాలి. పసుపు త్రికోణం ఉంటే డ్రైవర్‌లోనో ఆ పరికరంలోనో ఏదో లోపం ఉన్నట్టు. ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న కొత్త ల్యాప్‌టాప్‌లలో "సిస్టమ్ డివైసెస్" కింద స్మార్ట్ సౌండ్ టెక్నాలజీ అనేది కూడా చూడండి. అది నడవకపోతే పైనున్న ఆడియో డ్రైవర్ ఎంత మంచిదైనా ఉపయోగం లేదు.

విండోస్ అప్‌డేట్ అయిన మర్నాడే సౌండ్ పోయి ఉంటే ఆ డివైస్ ప్రాపర్టీస్‌లో "రోల్ బ్యాక్ డ్రైవర్" నొక్కండి. పాత డ్రైవర్ నిల్వలో లేకపోతే ఆ బటన్ మసగ్గా ఉంటుంది. అప్పుడు అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేస్తే విండోస్ తనే మళ్ళీ వేసుకుంటుంది. అదీ పనిచెయ్యకపోతే "అప్‌డేట్ డ్రైవర్"లో కంప్యూటర్‌లో ఉన్న జాబితా నుంచి మనమే ఎంచుకునే దారి పట్టి "హై డెఫినిషన్ ఆడియో డివైస్" అన్న మామూలు డ్రైవర్ పెట్టి చూడండి. హంగులేమీ ఉండవు కానీ చాలా ల్యాప్‌టాప్‌లలో శబ్దం వస్తుంది.

కొత్త డ్రైవర్ కావాలంటే ల్యాప్‌టాప్ అడుగున ఉన్న మోడల్ నంబరుతో ఆ కంపెనీ సైట్‌లోనే వెతకండి. ఒక్క క్లిక్‌తో అన్ని డ్రైవర్లూ వేస్తామనే ఉచిత సాఫ్ట్‌వేర్లని దయచేసి దించుకోవద్దు. సౌండ్ కోసం వెళ్ళి, తెలియని ప్రోగ్రాములు ఇంట్లో పెట్టుకున్నట్టవుతుంది.

కరకరలాడుతోంది, లేదా ఒక పక్కే వస్తోంది

స్పీకర్స్ ప్రాపర్టీస్‌లో ఎన్‌హాన్స్‌మెంట్స్ (శబ్దానికి అదనపు మెరుగులు దిద్దేవి) అన్నీ ఆపండి. ఒక్కోసారి గోల అక్కడే ఉంటుంది. ఒక పక్కే వస్తుంటే లెవెల్స్‌లో బ్యాలెన్స్ చూడండి. తక్కువ వాల్యూమ్‌లో కూడా ఒకే స్పీకర్ బరబరలాడితే దాని పొర చిరిగి ఉండొచ్చు, చిరిగితే మార్చాల్సిందే.

అన్నీ చూశాం, ఇంకా మూగే

షట్‌డౌన్ చేసి, ఛార్జర్ తీసి, పవర్ బటన్‌ని 30 సెకన్లు నొక్కి పట్టుకోండి. ఇరుక్కున్న చిప్ ఒక్కోసారి దీనితో తేరుకుంటుంది.

తర్వాత విండోస్ లేకుండా పరీక్షించండి. డెల్ ల్యాప్‌టాప్‌లలో ఆన్ చేస్తూ ఎఫ్12 నొక్కితే వచ్చే మెనూలో డయాగ్నోస్టిక్స్ (హార్డ్‌వేర్‌ని పరీక్షించేది) ఉంటుంది. హెచ్‌పీలో ఎస్కేప్ నొక్కి తర్వాత ఎఫ్2. మిగతావాటికి ఉబుంటు (విండోస్‌లాంటి మరో ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) ఉన్న పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, ఇన్‌స్టాల్ చెయ్యకుండా "ట్రై" ఎంచుకుని సౌండ్ చూడండి. అక్కడ వస్తే ల్యాప్‌టాప్ బాగానే ఉంది, లోపం విండోస్‌లో ఉంది. అక్కడా రాకపోతే హార్డ్‌వేర్ మీద అనుమానం గట్టిపడినట్టే. హెడ్‌ఫోన్స్‌లో వచ్చి స్పీకర్లలో రాకపోతే చిప్ చాలావరకు మంచిదే, లోపం జాక్‌లోనో స్పీకర్లలోనో వాటి వైర్లలోనో ఉండొచ్చు.

అంతలోపు పని ఆగకుండా యూఎస్‌బీ సౌండ్ కార్డు ఒకటి కొనుక్కోండి. వేలెడంత ఉంటుంది, దానిలో సొంత చిప్ ఉంటుంది కాబట్టి ల్యాప్‌టాప్ చిప్‌తో సంబంధం లేదు. సీ-టైప్ నుంచి హెడ్‌ఫోన్స్‌కి మార్చే చవక అడాప్టర్లలో కొన్నిటిలో చిప్ ఉండదు, అవి కొన్ని ఫోన్లకే పనికొస్తాయి. కొనేటప్పుడు లోపల డ్యాక్ (డిజిటల్ సిగ్నల్‌ని హెడ్‌ఫోన్స్‌కి పనికొచ్చేలా మార్చే చిప్) ఉందా అని అడగండి.

షాపుకి తీసుకెళ్తే హెడ్‌ఫోన్స్ వెంట పెట్టుకెళ్ళండి. పచ్చ గీతలు ఏ పేరు దగ్గర ఎగురుతున్నాయో, హెడ్‌ఫోన్స్‌లో వస్తోందో లేదో, విండోస్ బయట వచ్చిందో లేదో వాళ్ళకి ముందే చెప్పండి. బోర్డు మార్చాలని వాళ్ళు చెప్తే, జాక్‌లో టార్చ్ వేసి చూశారా అని అడగండి.