పాత ఎయిర్‌కూల్డ్ బండిలో ఈ20 పెట్రోల్: జెట్ కన్నా ముందు ట్యాంకు చూడండి

చెన్నై బంకుల్లో ఇప్పుడు మామూలుగా పోసేది ఈ20, అంటే నూటికి 20 పాళ్ళ దాకా ఇథనాల్ కలిసిన పెట్రోల్. పాత క్యాస్ట్ ఐరన్ బుల్లెట్, యెజ్డీ, ఆర్‌ఎక్స్ 100, చేతక్ ఉన్నవాళ్ళు చాలామంది వెంటనే మెయిన్ జెట్ (కార్బ్యురేటర్‌లో పెట్రోల్‌ను కొలిచి వదిలే సన్నని రంధ్రం) మార్చేస్తారు. ఈ ఉప్పుగాలి ఊళ్ళో బండిని ముందు దెబ్బతీసేవి పెట్రోల్‌లో చేరే నీళ్ళూ, పాడైపోయే రబ్బరు భాగాలూ. జెట్ సంగతి తర్వాత.

ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. తేమ మోతాదు మించితే నీళ్ళూ ఇథనాలూ కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి ట్యాంకు అడుక్కి దిగుతాయి. రిజర్వ్‌లో పెడితే కాక్ (ట్యాంకు కింది పెట్రోల్ కుళాయి) లాగేది దాన్నే. ట్యాంకులోనే టూటీ (టూ స్ట్రోక్) ఆయిల్ కలిపే యెజ్డీ, చేతక్‌లకు ఇది మరీ ప్రమాదం: ఆయిల్ పైనున్న పెట్రోల్‌లోనే ఉండిపోతుంది, ఇంజన్‌కు ఆయిల్ లేని ద్రవం అంది పిస్టన్ పట్టేస్తుంది.

వానాకాలంలో, ముఖ్యంగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, వారానికోసారి ఫ్లోట్ బౌల్ (కార్బ్యురేటర్ కింద పెట్రోల్ నిలిచే గిన్నె) అడుగునున్న డ్రెయిన్ ప్లగ్ విప్పి 30 మి.లీ. గాజు సీసాలోకి పట్టండి. అడుగున వేరే పొర గానీ, జారే బొట్లు గానీ కనిపిస్తే ట్యాంకు మొత్తం ఖాళీ చేయాల్సిందే. నెలకు పైగా తీయని బండి అయితే కాక్ మూసి, ఆగిపోయేదాకా ఇంజన్ నడిపి, బౌల్‌లో మిగిలింది కూడా వంపేయండి. లేకపోతే కార్బ్యురేటర్‌లో తెల్లని పొడి పేరుకుని పైలట్ జెట్ (ఐడ్లింగ్‌లో పెట్రోల్ అందించే చిన్న జెట్) మూసుకుపోతుంది.

ఎంత ఇథనాల్ ఉందో చూడాలంటే 100 మి.లీ. కొలజాడీలో 10 మి.లీ. నీళ్ళు, 90 మి.లీ. పెట్రోల్ పోసి ఊపి, పది నిమిషాలు ఆగండి. కింది పొర దాదాపు 28 మి.లీ. గీత దగ్గర ఉంటే ఈ20. ఆరుబయట, నిప్పుకు దూరంగా చేయండి. ఆ పెట్రోల్ మళ్ళీ ట్యాంకులో పోయొద్దు.

పెట్రోల్ పైపును వంపు దగ్గర నొక్కి చూడండి. జిగటగా ఉన్నా, ఉబ్బినా, పగిలినా తీసేయాలి. పుదుపేటలో (చెన్నై పాత స్పేర్ పార్టుల బజారు) మీటరు లెక్కన దొరికే చవక పైపు వద్దు. ఎస్‌ఏఈ జే30 ఆర్9 (ఇంధన పైపుల ప్రమాణం) అని అచ్చు ఉన్నది తీసుకోండి. ఫ్లోట్ నీడిల్ కొన, ఓరింగులు వైటాన్‌వి (ఇథనాల్‌ను తట్టుకునే రబ్బరు) వేయించండి. ఇథనాల్ ట్యాంకులోని పాత జిగురును కరిగించి, తుప్పును ఊడదీస్తుంది కాబట్టి మొదటి రెండు మూడు ట్యాంకుల తర్వాత ఫిల్టర్ విప్పి చూడాలి. ఫైబర్‌గ్లాస్ ట్యాంకులో మాత్రం ఈ పెట్రోల్ పోయకండి, రెసిన్ మెత్తబడుతుంది.

ఇక జెట్. బరువు లెక్కన ఇథనాల్ లేని పెట్రోల్ ఒక పాలుకు గాలి 14.7 పాళ్ళు కావాలి, ఈ20కి 13.5 చాలు. అంటే పాత సెట్టింగ్‌లో మిశ్రమం దాదాపు ఎనిమిది శాతం లీన్ (గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ) అవుతుంది. ముందు కార్బ్యురేటర్ స్లైడ్‌లోని జెట్ నీడిల్ క్లిప్ ఒక గాడి కిందికి దించండి. చాలకపోతే మెయిన్ జెట్ ఒక సైజు పెంచండి. మికుని వీఎం రకం కార్బ్యురేటర్‌లో ఎయిర్ స్క్రూ లోపలికి తిప్పితేనే మిశ్రమం రిచ్ (పెట్రోల్ ఎక్కువ) అవుతుంది. ఇక్కడ తికమక పడేవాళ్ళు ఎక్కువ. థర్డ్ గేర్‌లో నిలకడగా నడిపి, క్లచ్ పట్టి ఇంజన్ ఆపేసి స్పార్క్ ప్లగ్ చూడండి. ఇథనాల్ శుభ్రంగా మండుతుంది గనుక రంగు కాస్త తేలికగానే ఉంటుంది, అందుకు కంగారుపడి జెట్ మరీ పెంచొద్దు. ప్లగ్ పింగాణీ మీద మెరిసే చుక్కలు కనిపిస్తే మాత్రం బండి ఆపేయండి: అవి పిస్టన్ కరిగి అంటిన అల్యూమినియం.