లాములో షేలా బీచ్‌కి బయల్దేరే ముందు
కెన్యాలోని లాము పాత ఊరి నుంచి షేలా బీచ్‌కి ఒడ్డు వెంబడి నడిస్తే దాదాపు ముప్పావుగంట, కానీ సముద్రం పోటు మీద ఉంటే ఆ దారి అక్కడక్కడా నీళ్లలో మునిగిపోతుంది, అందుకే ముందురోజు రాత్రే దిగిన చోట ఆటుపోట్ల టైమ్ అడిగేయండి. పోటు ఉంటే పడవే మేలు, ఎక్కకముందే రేటు మాట్లాడుకోండి. షేలాలో కిలోమీటర్ల కొద్దీ ఇసుకే, నీడ దొరకదు. టోపీ, నీళ్లు తప్పనిసరి. తిరిగొచ్చేటప్పుడు తడి బట్టలతో ఊళ్లోకి రాకండి, అక్కడ ఎక్కువమంది ముస్లింలు, భుజాలూ మోకాళ్లూ కప్పుకుంటే వాళ్లకి మనం ఇచ్చే గౌరవం అది. ఇరుకు సందుల్లో చెక్కుడు తలుపులు చూస్తూ ఆగిపోతాం కదా, వెనక నుంచి బరువు మోస్తున్న గాడిద వస్తే గోడ పక్కకి జరిగి దారివ్వండి.