చిన్న జల విద్యుత్ టర్బైన్‌కి బ్లేడ్లు డిజైన్ చేయడం ఎలా?

వాగు నీళ్లతో రెండు మూడు కిలోవాట్ల కరెంటు తీయాలనుకునేవాళ్లు ముందుగా బ్లేడు వంపు దగ్గరే బుర్ర బద్దలుకొట్టుకుంటారు. క్రాస్‌ఫ్లో టర్బైన్ (నీళ్లు చక్రాన్ని అడ్డంగా దాటుతూ బ్లేడ్లని రెండుసార్లు తాకే రకం) ఎంచుకుంటే ఆ టెన్షన్ చాలావరకు ఉండదు, ఎందుకంటే దాని బ్లేడు స్టీలు పైపుని నిలువునా చీల్చిన ముక్కే. 1903లో ఆస్ట్రేలియా ఇంజినీరు మిచెల్ పేటెంట్ తీసుకున్న ఈ టర్బైన్‌ని తర్వాత హంగరీలో బాంకి, జర్మనీలో ఒస్‌బెర్గర్ మెరుగుపరిచారు. నీళ్లు సన్నగా, చాలా ఎత్తు నుంచి వస్తుంటే పెల్టన్ చక్రం, ఎత్తు మీటరో రెండు మీటర్లో ఉండి నీళ్లు బోలెడుంటే ప్రొపెల్లర్ నయం. వాటి లెక్కలు వేరు.

ముందు రెండు కొలతలు కావాలి: ఎత్తు, ప్రవాహం. పైపులో రాపిడికి పోయేది తీసేశాక మిగిలిన ఎత్తే లెక్క, ప్రవాహం ఎండాకాలంలో కొలిచిందే లెక్క. ఉదాహరణకి 9 మీటర్ల ఎత్తు, సెకనుకి 40 లీటర్లు ఉన్నాయనుకుందాం. 9.81ని (గురుత్వ త్వరణం) 0.04తో (ఘనపు మీటర్లలో ప్రవాహం), 9తో గుణిస్తే 3.5 కిలోవాట్లు, అందులో 60 శాతం చేతికొచ్చినా రెండు కిలోవాట్ల పైమాటే.

ఇప్పుడు పైపు సంగతి. చాలామంది ముందు రన్నర్ (బ్లేడ్లు బిగించిన, తిరిగే చక్రం) వ్యాసం ఇంత అనుకుని, దానికి సరిపోయే పైపు కోసం తిరుగుతారు. నన్నడిగితే ఇది తలకిందుల పని, చేతిలో ఏ పైపు ఉందో దాన్నిబట్టే రన్నర్ గీయాలి. బ్లేడు వంపు వ్యాసార్థం రన్నర్ వ్యాసార్థంలో 0.326 వంతు ఉండాలి కాబట్టి, పైపు సగటు వ్యాసాన్ని 3.07తో గుణిస్తే రన్నర్ వ్యాసం వచ్చేస్తుంది. బయటి వ్యాసం 76 మి.మీ., మందం 3.6 మి.మీ. ఉన్న పైపు తీసుకుంటే సగటు వ్యాసం 72.4, రన్నర్ 222 మి.మీ. లోపలి వ్యాసం అందులో 0.66 వంతు, అంటే 147 మి.మీ.

వేగం లెక్క కూడా చిన్నదే. ఎత్తు వర్గమూలాన్ని 40తో గుణించి, మీటర్లలో రన్నర్ వ్యాసంతో భాగిస్తే నిమిషానికి ఎన్ని చుట్లు తిరగాలో వస్తుంది, మన ఉదాహరణలో అది 540. నాజిల్ (నీళ్లని రన్నర్ మీదికి ధారగా వదిలే మూతి) నుంచి నీళ్లు సెకనుకి 13 మీటర్ల వేగంతో వస్తాయి. ధార మందం 20 మి.మీ. (వ్యాసంలో పదో వంతుకి కాస్త తక్కువ) అనుకుంటే వెడల్పు 154 మి.మీ. కావాలి. బ్లేడు పొడవు అంతకంటే కొంచెం ఎక్కువ పెట్టుకోండి.

డ్రాయింగ్‌లో ఒకే కేంద్రంతో మూడు వృత్తాలు గీయాలి: బయట 222, లోపల 147, మధ్యలో 163 మి.మీ. వ్యాసంతో. కంపాస్‌ని 36 మి.మీ. తెరిచి, ముల్లుని మధ్య వృత్తం మీద పెట్టి, బయటి వృత్తం నుంచి లోపలి వృత్తం దాకా గీసిన చాపమే మీ బ్లేడు. ముల్లుకి రెండు పక్కలా చాపం వస్తుంది, అందులో ఒక్కటే తీసుకోవాలి, అన్ని బ్లేడ్లకీ అదే పక్క. సరిగ్గా వచ్చిందో లేదో చూడాలంటే బయటి అంచు దగ్గర చాపానికీ వృత్తానికీ మధ్య 30 డిగ్రీలు, లోపలి అంచు దగ్గర 90 డిగ్రీలు ఉండాలి. ఆ 30 ఎక్కడిదంటే, నాజిల్ ధార రన్నర్‌ని 16 డిగ్రీల కోణంలో తాకాలి, దానికి సరిపడే బ్లేడు కోణం అది. ధార బ్లేడు గుంటగా ఉన్న వైపు తగలాలి, రన్నర్ ఎటు తిరగాలో దాన్నిబట్టి ముందే చూసుకోండి.

బ్లేడ్లు 20 నుంచి 30 దాకా పెడతారు. 24 అయితే 15 డిగ్రీలకొకటి, కోణమానినితో గీయడం సులువు. తగ్గిస్తే ధార సరిగ్గా మళ్లదు, మరీ ఎక్కువైతే రాపిడి పెరుగుతుంది, ఆకులు ఇరుక్కుంటాయి. ఒక్కో బ్లేడు పైపు చుట్టుకొలతలో 73.5 డిగ్రీల ముక్క కాబట్టి, కోతకి పోయేది పోను ఒక పైపు ముక్కలో నాలుగు వస్తాయి. అంటే ఆరు ముక్కలు చాలు.

బ్లేడ్లని రెండు చివర్లా పట్టుకునే పక్క పలకలు రెండూ 6 మి.మీ. మందం ప్లేటువి, ఒకదాని మీద ఒకటి బిగించి బ్లేడ్లు కూర్చునే గాళ్లు ఒకేసారి కోయించండి. బ్లేడ్లకి అమర్చేటప్పుడు రెండో పలకని తిరగేయకూడదు, తిరగేస్తే గాళ్లు ఎదురుబొదురుగా కుదరవు. వెల్డింగ్ వరసగా చేస్తే వేడికి పలక వంకర పోతుంది, ఒకటి వేశాక దానికి సరిగ్గా ఎదుటి బ్లేడుకి వెళ్లాలి.

వెల్డింగ్ దగ్గర బద్ధకం పనికిరాదు. నీళ్లు ఒకసారి లోపలికి, ఒకసారి బయటికి వెళ్తాయి కాబట్టి బ్లేడు మీద చుట్టుకి రెండుసార్లు దెబ్బ పడుతుంది. 540 చుట్ల లెక్కన అది రోజుకి 15 లక్షలు దాటుతుంది. పగుళ్లు ఎక్కువగా వెల్డింగ్ అంచులోనే మొదలవుతాయి, అందుకే ఆ అంచుల్ని గ్రైండింగ్‌తో నున్నగా చేయండి.

ఇంకొక్కటి. లోడు (జనరేటరు మీద పడే కరెంటు వాడకం) ఒక్కసారిగా తెగిపోతే రన్నర్ మామూలు వేగానికి దాదాపు రెట్టింపు తిరుగుతుంది, కాబట్టి జనరేటరు, బేరింగులు, బెల్టు అన్నీ తమ మామూలు వేగానికి రెట్టింపుని తట్టుకునేలా ఎంచుకోవాలి. బ్యాలెన్స్ చూడకుండా నీళ్లు వదలొద్దు: షాఫ్టుని రెండు సమమట్టపు పట్టీల మీద పెట్టి దొర్లిస్తే బరువైన వైపు ప్రతిసారీ కిందికే వచ్చి ఆగుతుంది, అక్కడ పలక అంచుని కొంచెం కొంచెంగా అరగదీస్తూ ఎక్కడైనా ఆగేదాకా చేయండి.