పాత ల్యాప్‌టాప్‌కు వైఫై పెట్టడం ఎలా?

తిరుపతిలో శుభలేఖలు, కరపత్రాలు కంపోజ్ చేసే డీటీపీ షాపుల్లోనూ, యూనివర్సిటీలో పనిచేసి రిటైరైన మాస్టార్ల ఇళ్ళల్లోనూ ఇరవై ఏళ్ళు దాటిన ల్యాప్‌టాప్‌లు ఇంకా కనిపిస్తుంటాయి. వాటిని పారేయలేరు. పేజీలు కట్టే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో అనూ అనే తెలుగు ఫాంట్లతో కట్టిన పుస్తకాలు, సగం రాసిన సిద్ధాంత వ్యాసాలు అన్నీ అందులోనే ఉన్నాయి. పెన్‌డ్రైవ్ పెడితే విండోస్ 98 దానంతట అది గుర్తుపట్టదు. సీడీ డ్రైవు ఎప్పుడో మూగబోయి ఉంటుంది. “అన్నా, దీనికి వైఫై వస్తుందా?” అని అడిగేది అందుకే.

వస్తుంది. కానీ మిషన్‌ను విప్పొద్దు. వైఫై పట్టుకునే పని బయట ఒక చిన్న పెట్టెకు అప్పజెప్పి, అక్కడినుంచి ల్యాప్‌టాప్‌కు ల్యాన్ వైరు లాగండి.

ఎందుకంటే, అప్పటి వైఫై కార్డులు చాలావరకు 1999 నాటి 802.11బి రకానివి. వేగం 11 ఎంబీపీఎస్. అది తక్కువైనా పరవాలేదు, చిక్కంతా తాళంతోనే. వాటిలో చాలా కార్డులకు తెలిసింది వెప్ అనే భద్రతా పద్ధతి మాత్రమే, దాని లోపాలు 2001లోనే బయటపడ్డాయి. ఇప్పుడు మన ఇళ్ళల్లో ఉన్న భద్రతా పద్ధతులు 2004లో వచ్చిన డబ్ల్యూపీఏ2, ఆ తర్వాతి డబ్ల్యూపీఏ3. పాత కార్డు కలవడం లేదని కొందరు ఇంటి రూటర్‌నే వెప్‌కు దించేస్తారు, లేదంటే పాస్‌వర్డే తీసేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. ఒక్క పాత మిషన్ కోసం ఇంట్లో ఫోన్లన్నీ వాకిలి తెరిచిన ఇంట్లో పడుకున్నట్టవుతుంది.

విండోస్ ఎక్స్‌పీకి సర్వీస్ ప్యాక్ 3 వేస్తే డబ్ల్యూపీఏ2 తెలుస్తుంది. అయినా లోపలి కార్డుకూ, దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ అయిన డ్రైవర్‌కూ కూడా తెలియాలి. కార్డు మారుద్దామంటే, కొన్ని థింక్‌ప్యాడ్ రకం ల్యాప్‌టాప్‌లు తమ జాబితాలో లేని కార్డు కనిపించగానే 1802 అనే ఎర్రర్ చూపించి ఆగిపోతాయి. అంత కష్టం మనకెందుకు?

ముందు బ్యాటరీ చూడండి. ఉబ్బి ఉంటే తీసి పక్కన పెట్టి, అడాప్టర్ మీదే నడపండి. మన ఎండలకు ఉబ్బిన బ్యాటరీని లోపల ఉంచడం ప్రమాదం.

తర్వాత పక్కలూ వెనకా ఉన్న సాకెట్లు చూడండి. ఒకేలా కనిపించేవి రెండు ఉండొచ్చు. సన్నగా ఉన్నది టెలిఫోన్ మోడెమ్‌ది, దాంతో మనకు పని లేదు. కాస్త వెడల్పుగా, లోపల 8 తీగలున్నది ఈథర్నెట్, అంటే ల్యాన్ వైరు పెట్టే సాకెట్. అది ఉంటే సగం పని అయిపోయినట్టే.

లేకపోతే పక్కన పీసీ కార్డు, అంటే బయటినుంచి తోసే పలచటి కార్డు, దూరే సందు ఉంటుంది. దానికి ఈథర్నెట్ కార్డు కొనాలి. అయితే కార్డుల్లో రెండు రకాలున్నాయి. పాతవి 16 బిట్లవి, 1995లో కార్డ్‌బస్ పేరుతో వచ్చినవి 32 బిట్లవి. కార్డ్‌బస్ రకానికి పిన్నులు దూరే అంచు దగ్గర బంగారు రంగు పట్టీ, దాని మీద చిన్న చిన్న బొడిపెలు ఉంటాయి. అది 16 బిట్ల సందులోకి పోదు, బలవంతంగా తోయకండి. 16 బిట్ల కార్డు మాత్రం రెండింట్లోనూ పనిచేస్తుంది. ఊళ్ళో దొరక్కపోతే, మద్రాసు వెళ్ళే పని పడినప్పుడు మౌంట్ రోడ్డు పక్కన రిచీ స్ట్రీట్‌లో వెతకండి. కార్డుకు తగిలించే పొట్టి వైరు కూడా ఉందో లేదో అక్కడే చూసుకోండి. అది లేని కార్డు కొనొద్దు.

ఇక బయటి పెట్టె. నానో రూటర్ అని అడగండి, కానీ కొనేముందు అందులో ‘క్లయింట్ మోడ్’ ఉందో లేదో తప్పకుండా చూడండి. ఆ మోడ్‌లో అది ఇంటి వైఫైని ఫోన్ లాగే అందుకుని, ల్యాన్ వైరు గుండా ఇస్తుంది. పాస్‌వర్డ్, డబ్ల్యూపీఏ2 బాధ్యతంతా దానిదే. ల్యాప్‌టాప్‌కు వైఫై ఉందన్న సంగతే తెలియదు. అందుకే వైఫై డ్రైవర్ గొడవ కూడా ఉండదు.

సెట్టింగులన్నీ ముందే ఫోన్‌లోనో కొత్త కంప్యూటర్‌లోనో పూర్తిచేయండి. మోడ్ మార్చాక కొన్ని రూటర్లు తమ సెట్టింగుల పేజీ అంత తేలిగ్గా తెరవనివ్వవు. చవక రకాలు 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే చూడగలవు కాబట్టి ఇంటి రూటర్‌లో ఆ బ్యాండ్ ఆన్‌లో ఉండాలి. డబ్ల్యూపీఏ3 ఒక్కటే పెట్టి ఉంటే 2, 3 కలిపిన ఆప్షన్‌కు మార్చండి. ఈ పెట్టెకు కరెంటు ల్యాప్‌టాప్ యూఎస్‌బీ నుంచి ఇవ్వకండి, చాలకపోవచ్చు. ఫోన్ చార్జర్ వాడండి. ఇంటి రూటర్ కింద, ల్యాప్‌టాప్ మిద్దె మీద గదిలో ఉంటే పెట్టెను మెట్ల వైపు పెట్టి, అక్కడినుంచి పొడవు వైరు తెచ్చుకోండి.

విండోస్ 98లో కంట్రోల్ ప్యానెల్, నెట్‌వర్క్, మీ కార్డు ఎదురుగా ఉన్న టీసీపీఐపీ తెరిచి, ఐపీ అడ్రసు (నెట్‌వర్క్‌లో ఆ మిషన్‌కు ఇచ్చే నంబరు) ఆటోమేటిక్‌గా తీసుకోమని ఎంచుకోండి. మధ్యలో విండోస్ సీడీ అడుగుతుంది. సీడీ లేకపోతే సి డ్రైవులో విండోస్, అందులో ఆప్షన్స్, అందులో క్యాబ్స్ ఫోల్డర్ చూడండి. చాలా కంపెనీలు ఆ ఫైళ్ళు అక్కడ పెట్టి ఇచ్చేవి. ఎక్స్‌పీలో ఇంత పని ఉండదు, వైరు పెడితే చాలు. అడ్రసు 169.254తో మొదలైతే రూటర్ నుంచి ఏమీ అందలేదని అర్థం. వైరూ, క్లయింట్ మోడూ మళ్ళీ చూడండి.

ఫైళ్ళు తీయడానికి ఫోన్‌లో ఎఫ్‌టీపీ (నెట్‌వర్క్ మీద ఫైళ్ళు పంపే పద్ధతి) సర్వర్ ఆన్ చేయండి. చాలా ఫైల్ మేనేజర్ ఆప్‌లలో ఈ సౌకర్యం ఉంటుంది. అది చూపించే అడ్రసు, ఉదాహరణకు 192.168.1.7, పోర్టు 2121 రాసుకోండి. ల్యాప్‌టాప్‌లో డాస్ ప్రాంప్ట్ తెరిచి ఎఫ్‌టీపీలోకి వెళ్ళి, ఓపెన్ అనే ఆజ్ఞ తర్వాత అడ్రసు, ఖాళీ వదిలి పోర్టు నంబరు ఇవ్వండి. లోపలికి వెళ్ళగానే, ఒక్క ఫైలు కూడా పంపకముందే, బైనరీ అని టైపు చేయండి. విండోస్ ఎఫ్‌టీపీ మామూలుగా టెక్స్ట్ పద్ధతిలో పంపుతుంది. అలా పంపిన పేజ్‌మేకర్ ఫైలు పాడైపోవచ్చు, ఆ సంగతి తెరిచేదాకా తెలియదు. ఆ తర్వాత పుట్ అని ఫైలు పేరు ఇవ్వండి.

పేజ్‌మేకర్ ఫైలు ఒక్కటే తీస్తే చాలదు. లింకు చేసిన బొమ్మలు, అనూ ఫాంట్ ఫైళ్ళు కూడా తీయండి. అవి యూనికోడ్ ఫాంట్లు కావు కాబట్టి, ఫాంటు లేని మిషన్‌లో తెలుగు బదులు అర్థంకాని ఇంగ్లిష్ అక్షరాలు కనిపిస్తాయి. పంపిన ప్రతి ఫైలూ రెండో చోట తెరిచి చూశాకే పాతదాని జోలికి వెళ్ళండి.

ఇక ఇంటర్నెట్ సంగతి. పాత బ్రౌజర్‌లో ఇప్పటి సైట్లు చాలావరకు తెరుచుకోవు, అవి కోరే టీఎల్‌ఎస్ 1.2 అనే భద్రతా పద్ధతి దానికి తెలియదు. విండోస్ 98కి 2006లో, ఎక్స్‌పీకి 2014లో మైక్రోసాఫ్ట్ భద్రతా సవరణలు ఆపేసింది. బ్యాంకు పనులు, ఈమెయిల్ పాస్‌వర్డులు ఇందులో వద్దు. ఫైళ్ళు పంపడం అవ్వగానే నానో రూటర్ ప్లగ్ తీసేయండి, ఫోన్‌లో ఎఫ్‌టీపీ కూడా ఆపేయండి.